మెరవకూడని రేకులు

ఇంటి నుంచి, ఇస్త్రీ బల్ల మీద
ఆదివారం

తమ్ముడూ,

నువ్వు రెండుసార్లు ఫోన్ చేశావని మీ బావ చెప్పారు. కావాలనే తీయలేదు. నువ్వు "అక్కా" అంటే చాలు, నేను ఏడ్చేస్తాను. అవతల నువ్వూ ముక్కు ఎగబీలుస్తావు. ఫోన్లో ఇద్దరం కూర్చుని ఏడవడం ఎందుకు? అందుకే రాస్తున్నాను, నువ్వూ రాయి. రాసేటప్పుడు ఏడిస్తే కాగితం తడుస్తుంది, అంతే.

గిటారు దొరికింది. మన పిల్ల, మన పిచ్చుక గిటారు.

పిల్ల చనిపోయిన నెలలో "దాన్ని నా కళ్ల ముందు నుంచి తీసెయ్యండి" అని మీ బావ మీద అరిచింది నేనే. ఆయన దాన్ని భుజాన వేసుకుని వెళ్లి, తన బస్సు ఆఖరి స్టాపు దగ్గరున్న పాత సామాన్ల షాపులో ఇచ్చేసి వచ్చారు. ఆ తర్వాత ఏడాది దాకా ఆ ఊసు ఎత్తలేదు. మొన్న వానల మొదట్లో అన్నం ముందు కూర్చుని "ఇప్పుడు దాన్ని ఎవరు వాయిస్తున్నారో" అన్నాను. అడగలేదు, ఊరికే అన్నాను. అప్పట్నుంచి సెలవు రోజుల్లో ఆయన ఎక్కడెక్కడ తిరిగారో తెలియదు. నిన్న సాయంత్రం భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడ్డారు. "దొరికింది" అన్నారు. ఆయన సంగతి తెలిసిందేగా, ఒక మాటకి రెండో మాట తోడుండదు.

అదే నీలం రంగు. వెనకవైపు పిల్ల బెల్టు బకిలు గీసిన గీతలు కూడా అలాగే ఉన్నాయి. కాకపోతే ఒళ్లంతా జిడ్డు. ఎవరో సిగరెట్లు కాల్చే మనిషి చేతిలో పడినట్టుంది, రంగు మీద పసుపు పొర కట్టింది. ముందు ఏదో స్టిక్కరు పీకేసిన బంక. మెడ మీది నల్ల చెక్కలో, అడ్డంగా ఉండే లోహపు మెట్ల పక్కన మురికి గట్టిపడి ఉంది. తీగల కింద శబ్దం పట్టే పికప్‌ల మీది రేకులైతే మసిబారిపోయాయి.

మరకలు తీయడం నాకు కొత్తా? డ్రైక్లీనింగ్ షాపులో పదిహేనేళ్లుగా ఊరందరి కాలర్లూ తోముతున్నదాన్ని. అయినా దీన్ని ముట్టుకోవాలంటే చేతులు రావడం లేదు. పరాయివాళ్ల మురికి పోవాలి, పిల్ల చేతి మురికి ఉండాలి. అలా ఎలా చెయ్యాలో చెప్పు. గిటార్లు బాగుచేసేవాడివి, నీకే తెలియాలి.

ఇంకో సంగతి. వెనక మూత లోపల నువ్వు దానికి ఏదో రాశావట కదా. "మామయ్య రాశాడు, నీకు చెప్పను, చూపించను" అని నన్ను ఉడికించేది. చూపించకుండానే పోయింది. ఆ మూత విప్పి ఆ మాట చదవాలి. ఈ తుడవడం, తోమడం అంతా దానికోసమే.

అక్క


షాపు నుంచి, పని బల్ల దగ్గర
గురువారం

అక్కా,

నీ ఉత్తరం చదివి గిరాకీ ముందే కళ్లు తుడుచుకున్నాను. పాపం ఆయన, తన గిటారు ఇక బాగవదేమో అని కంగారుపడ్డాడు.

బావ అంత గట్టివాడని నాకు తెలుసు. ఆయన పట్టుబట్టాడంటే పాతాళంలో ఉన్నా తెస్తాడు.

ముందు ఒక్క మాట. మీ షాపులోని సీసాలు ఏవీ దాని దగ్గరికి తీసుకురాకు. నాకు నీ సంగతి తెలుసు, మరక కనిపిస్తే నీ చెయ్యి ఆగదు. స్పిరిట్టు, థిన్నరు, గోళ్ల రంగు తుడిచే మందు, వంటింటి స్ప్రేలు, ఏదీ వద్దు. జిడ్డుతోపాటు రంగు కూడా లేచిపోతుంది.

మొదట వైరు పీకెయ్యి, స్పీకరు పెట్టె ప్లగ్గు గోడలోంచి తీసెయ్యి. ప్లగ్గు తీసేశాక గిటారు వట్టి చెక్క, లోపల నిన్ను కొట్టే కరెంటంటూ ఏమీ ఉండదు, భయపడకు. తర్వాత తీగలు. బిగుతుగా ఉన్నప్పుడు కత్తిరించకు, ఎగిరి కంట్లో పడతాయి. తీగలు బిగించే చెవులు తిప్పి మెల్లగా వదులు చేసి అప్పుడు తియ్యి. కళ్లజోడు పెట్టుకో. తీసినవి చుట్ట చుట్టి కాగితంలో మడిచి పారెయ్యి, చెత్త ఎత్తేవాళ్ల చేతిలో గుచ్చుకోకుండా. ఇక పొడిగుడ్డ. గుండీలూ జిప్పులూ లేని మెత్తటి పాత నూలు బట్ట. ముందు దుమ్మంతా దులిపి, ఆ తర్వాతే కాస్త తడిగుడ్డ. తడి అంటే గట్టిగా పిండినది. వెంటనే పొడిగుడ్డతో తుడిచెయ్యి. బంక మీద ఒక చుక్క నూనె పెట్టి వదిలేస్తే గోటితో లేస్తుంది. నల్ల చెక్కకి మెత్తటి పళ్ల బ్రష్షు చాలు, నిమ్మనూనె ఒక చుక్క గుడ్డ మీద వేసుకుని రుద్ది, మిగిలింది తుడిచెయ్యి. ఇనుప పీచు మాత్రం వద్దు. పికప్‌లలో అయస్కాంతాలుంటాయి, ఆ పొడి వాటికి అంటుకుంటే ఇక జన్మలో వదలదు.

పరాయి మురికినీ మన పిల్ల మురికినీ వేరుచెయ్యడం నా వల్ల కాదక్కా. పైది తీస్తే అడుగుది కూడా వస్తుంది. కానీ దాని గుర్తులు మురికిలో లేవు. పికప్‌ల మీది రేకుల్లో ఉన్నాయి. దాని చెమట సంగతి నీకు నేను చెప్పాలా? తీగలు వారం తిరక్కుండా తుప్పుపట్టేవి. "నీ అరచేతిలో ఉప్పుమడి ఉందే" అనేవాణ్ని. ఆ చెమటకి రేకుల పూత తినుకుపోయి సన్నటి గుంటలు పడ్డాయి. మసి తుడిచాక కనిపిస్తాయి. వాటిని మురికనుకుని తోమకు. అవి పోవు, పోనివ్వకు.

మూత చివర్న విప్పు. ప్రతి గిటారు లోపలా నేను పెన్సిలుతో ఒక మాట రాస్తాను. గిరాకీలకి తెలియదు, మా ఓనరుకి తెలియదు. దానికి ఒక్కదానికే తెలుసు, పక్కన నిలబడి "నాకూ రాయి, నాకూ రాయి" అని ప్రాణం తోడేసింది. ఏం రాశానో ఇప్పుడు చెప్పను. దాని తరఫున నిన్ను ఇంకాస్త ఉడికిస్తాను.

తమ్ముడు


ఇంటి నుంచి, ముందు గది
ఆదివారం

తమ్ముడూ,

తీగలు తీశాం. తీశాం అంటున్నాను చూడు, మీ బావ కూడా కూర్చున్నారు. నేను తుడవడానికి చెవుల మరలు విప్పుతుంటే సీసా మూత పట్టుకుని ఒక్కొక్కటీ అందులో వేయించుకున్నారు. అంత పెద్ద బస్సు నడిపే మనిషి, ఆ చిన్న మూత ఒలికిపోతుందని ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నారు.

నూలు బట్ట కోసం దాని బీరువా తెరిచాను. మెత్తటివి అన్నీ దానివే. ఒకటి తీసి వాసన చూసి మళ్లీ మడిచి పెట్టేశాను. అది చూసి మీ బావ లోపలికెళ్లి, తన బనియను చింపుకుని తెచ్చారు. పాతదేం కాదు, మొన్న కొన్నదే.

మెత్తటి పళ్ల బ్రష్షు అన్నావు. మా గ్లాసులో మూడున్నాయి. మూడోదాన్ని ఇంతవరకూ ఎవరం కదపలేదు. అది వాడనా?

అసలు సంగతి మరిచాను. నేను దుమ్ము తుడుస్తుంటే మీ బావ ఉన్నట్టుండి మాట్లాడారు. పిల్ల చిన్నప్పుడు ఆయన బస్సెక్కి, ఇంజను మూత మీద కూర్చుని, వచ్చే స్టాపుల పేర్లన్నీ ముందే అరిచేదట. జనం దిగాల్సిన చోటు కాకుండా ముందే దిగిపోయేవారట. నాకు తెలియనే తెలియదు. అది పోయాక ఈయన దాని ఊసెత్తడం ఇదే మొదలు.

రేకులు వచ్చే ఆదివారం.

అక్క


షాపు నుంచి
బుధవారం

అక్కా,

ఆ బ్రష్షు వద్దు. కొత్తది కొనుక్కో. అది గ్లాసులోనే ఉండనీ, నీకు తియ్యాలనిపించినప్పుడు తీద్దువుగాని. నీకంటే ముందు ఎవరూ తియ్యరు.

బనియను చింపిన బావకి నా దండం. ఆ స్టాపుల సంగతి నాకూ తెలియదు. ఇంకా ఏమైనా చెప్తే రాయి. ఒక్క ముక్క కూడా వదలకు.

తమ్ముడు


ఇంటి నుంచి, ముందు గది
ఆదివారం సాయంత్రం

తమ్ముడూ,

నల్ల చెక్క ఎంత అందంగా వచ్చిందో. నిమ్మనూనె వాసన ఇల్లంతా పట్టుకుంది. బంక నువ్వు చెప్పినట్టే గోటితో లేచొచ్చింది.

రేకులు కూడా తుడిచాను. తడిగుడ్డ, వెంటనే పొడిగుడ్డ. మసి అంతా పోయింది. కానీ నువ్వు చెప్పిన గుంటలు లేవు. నున్నగా అద్దంలా మెరుస్తున్నాయి, వంగి చూస్తే నా మొహం కనిపించింది. ఆ షాపువాళ్లు కొత్త పూత వేయించి ఉంటారా? అలా వేయిస్తారా?

మీ బావ ఎదురుగా కూర్చుని, మొదటిసారి తీగ తెగినప్పుడు పిల్ల దాన్ని తెచ్చి చూపించి ఏడ్చిన సంగతి చెప్పారు. తను తప్పుచేసిందనుకుందట, తీగలు తెగుతాయని దానికి తెలియదట.

వచ్చే ఆదివారం మూత విప్పుతాను.

అక్క


షాపు నుంచి
మంగళవారం

అక్కా,

పూత వేయిస్తారు. వేయించి ఉంటారు. అలాంటివి ఇక్కడ చాలా చూశాను.

మూత మాత్రం నువ్వు విప్పకు. లోపల సన్నటి వైర్లుంటాయి, తెగితే కష్టం. పైగా కెపాసిటరు ఉంటుంది, దానిలో కరెంటు నిలవుండి ఒక్కోసారి కొడుతుంది. పాత గిటారు కదా, నమ్మడానికి లేదు. నాకు పంపు. నేను విప్పి, వైరింగు చూసి, కొత్త తీగలు వేసి పంపుతాను. అప్పుడు విప్పి చదువుకుందువుగాని.

పని ఎక్కువగా ఉంది, ఇంతే రాస్తున్నాను.

తమ్ముడు


షాపు నుంచి
మంగళవారం

బావా,

ఈ ఉత్తరం డిపో చిరునామాకి పంపుతున్నాను. అక్క కంట పడనివ్వకండి.

అది పిచ్చుక గిటారు కాదు. నేను చూడలేదు, చూడనక్కర్లేదు. రేకుల్లో మొహం కనిపిస్తోందని అక్క రాసింది. పిల్ల చేతిలో అయిదేళ్లున్న గిటారు రేకు అద్దంలా మెరవదు. పూత వేయిస్తారని అక్కకి అబద్ధం రాశాను. పాత సామాన్ల షాపువాడు అంత ఖర్చు ఎందుకు పెడతాడు?

మిమ్మల్ని ఎవరో మోసం చేసినట్టున్నారు. అక్క ఆ మూత విప్పిందంటే లోపల వట్టి చెక్క కనిపిస్తుంది. ఆ మాట కోసమే తను ఇన్నాళ్లుగా తుడుస్తోంది. ముందే చెప్పేద్దామా? ఎవరు చెప్పాలి? నాకు చేతకావడం లేదు బావా.

మీ బావమరిది


డిపో, డ్రైవర్ల విశ్రాంతి గది
శనివారం

బావమరిదికి,

నన్నెవరూ మోసం చెయ్యలేదు. నేనే చేశాను.

షాపుకి వెళ్లేసరికి మన గిటారు ఎప్పుడో అమ్ముడైపోయింది. దారిన పోతూ ఆగిన మనిషి ఎవరో కొనుక్కుపోయాడట. ఎవరో తెలియదు, ఏ ఊరో తెలియదు. నా రూట్లో ఉన్న షాపులన్నీ తిరిగాను. వేరే రూట్ల డ్రైవర్లకీ చెప్పాను. ఎక్కడా లేదు.

ఇంటికి ఉత్త చేతులతో వెళ్లినప్పుడల్లా మీ అక్క నా భుజం వైపు చూసేది. అడిగేది కాదు. చూసి, స్టవ్ వెలిగించడానికి లోపలికి వెళ్లిపోయేది. ఆ చూపు నేను భరించలేకపోయాను. ఇంకో షాపులో అదే రంగుది కనిపించింది. ఫొటో పక్కన పెట్టి చూశాను, అచ్చం అదే. వెనక గీతలు లేవు. డిపో వెనక కూర్చుని బస్సు తాళంతో నేనే గీశాను. మన పిల్ల గిటారు మీద గీత పడితే ఎంత బాధపడేదో, అది గుర్తొచ్చి మధ్యలో రెండుసార్లు ఆపేశాను.

లోపల రాసిన మాట సంగతి నాకు తెలియదు. రేకుల సంగతీ తెలియదు. నాకు అబద్ధాలు అలవాటు లేవు, అందుకే ఇలా కుంటుతోంది.

చెప్పెయ్యమంటే చెప్పేస్తాను. కానీ ఒక్కటి ఆలోచించు. ఆదివారాలు మీ అక్క తుడుస్తుంటే నేను కూర్చుంటున్నాను. నేను మాట్లాడుతున్నాను. ఏదో ఒకటి గుర్తొస్తోంది, చెప్తున్నాను. మీ అక్క తలెత్తి వింటోంది. ఏడాదిగా మా ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప మరో చప్పుడు లేదు. గిటారు కాదని తెలిస్తే మళ్లీ ఆ గిన్నెలే.

నీ చేతికి వచ్చినప్పుడు ఆ మాట లోపల రాసి పంపు. నిన్ను ఎప్పుడూ ఏదీ అడగలేదు. ఇది అడుగుతున్నాను.

మీ బావ


షాపు నుంచి
మంగళవారం

బావా,

రాస్తాను. గిటారు పంపించండి.

అక్క మొహం చూస్తూ ఈ పని చెయ్యమంటే నా వల్ల అయ్యేది కాదు. దూరంగా ఉన్నాను కాబట్టి ఒప్పుకుంటున్నాను.

మీ బావమరిది


ఇంటి నుంచి, ఇస్త్రీ బల్ల మీద
శుక్రవారం

తమ్ముడూ,

గిటారు ఈ పూటే పంపుతున్నాను. ఈ ఉత్తరం విడిగా పోస్టు చేస్తున్నాను, మీ బావ డ్యూటీలో ఉన్నారు.

కెపాసిటరులో కరెంటు నిలవుంటుందా? ప్లగ్గు తీసేస్తే అది వట్టి చెక్క, భయపడకు అని రాసింది ఎవర్రా? నీ మొదటి ఉత్తరం నా దగ్గరే ఉంది. చిన్నప్పుడూ అంతే, అబద్ధం ఆడితే రెండో రోజుకే దొరికిపోయేవాడివి.

నీకంటే ముందే నాకు తెలుసు. రేకులు తుడిచినప్పుడే తెలిసిపోయింది. పూత వేయిస్తారా అని నిన్ను అడిగింది, నువ్వు లేదంటావేమో చూద్దామని. పదిహేనేళ్లు పరాయివాళ్ల చెమట మరకలు తీసినదాన్ని, నా పిల్ల చెమట నాకు తెలియదా? దాని గాజులు నల్లబడేవి, గడియారం వెనక తినేసేది, స్కూలు చొక్కా కాలరు ఆర్నెల్లకి నలిగి చిరిగిపోయేది. ఆ రేకులో నా మొహం చక్కగా కనిపించేసరికి గుడ్డ వదిలేశాను.

అప్పుడు తలెత్తాను. ఎదురుగా మీ బావ ఉన్నారు. సీసా మూత అరచేతిలో పెట్టుకుని, తెగిన తీగ సంగతి చెప్తున్నారు. చెప్తూ నవ్వుతున్నారు, కళ్లలో నీళ్లు. ఆ మాట మధ్యలో ఆపి "ఇది మనది కాదండీ" అని ఎలా అననురా? ఈ మనిషి నా కోసం ఎన్ని షాపుల గుమ్మాల్లో నిలబడి ఉంటారు? వెనక గీతలు కూడా ఆయనే గీసి ఉంటారు. బకిలు గీతలు ఎలా పడితే అలా ఉంటాయి. ఇవి పాపం పక్కపక్కనే, బుద్ధిగా ఉన్నాయి.

నిన్న ఆయన వెళ్లాక మూత విప్పాను. లేదని తెలిసే విప్పాను. తెలిసి కూడా టార్చి వేసి మూలమూలా వెతికాను. వట్టి చెక్క. అది పోయినప్పుడు ఆసుపత్రిలో నాకు ఏడుపు రాలేదు, నీకు గుర్తుందిగా, అందరూ రాయిలా ఉందన్నారు. నిన్న ఆ వట్టి చెక్క మీద తల పెట్టుకుని కరువుతీరా ఏడ్చాను. మన పిల్ల గిటారు ఎక్కడో ఎవరి చేతిలోనో ఉంది. నువ్వు రాసిన మాట మోసుకుని తిరుగుతోంది. అది ఇక నాకు దొరకదు. అదీ దొరకదు, పిల్లా దొరకదు.

గ్లాసులో మూడో బ్రష్షు తీశాను. దానితో మెట్ల మూలలన్నీ శుభ్రం చేశాను. దాని చెయ్యి ఈ గిటారుకి ఎప్పుడూ తగల్లేదు కదా, కనీసం దాని బ్రష్షైనా తగలనీ అనిపించింది. బ్రష్షు గిటారు సంచి జేబులో పెట్టాను, అది తీయకు.

నువ్వు లోపల రాసి పంపు. దానికి ఏం రాశావో అచ్చం అదే రాయి, వేరేది కాదు. ఆయన ముందే విప్పుతాను, చదువుతాను, ఏడుస్తాను. నటించాల్సి వస్తుందేమోనని బెంగపడకు. అది పైకి చదవబోయేసరికి ఏడుపు దానంతటదే వస్తుంది.

ఆయనకి మాత్రం చెప్పకు. తాను తెచ్చి ఇచ్చానని అనుకుంటున్నారు. అలాగే అనుకోనీ.

అక్క


షాపు నుంచి
సోమవారం

అక్కకీ బావకీ,

గిటారు పంపుతున్నాను. తీగలు కొత్తవి వేశాను. శబ్దం పెంచే గుబ్బల్లో గరగర ఉంటే మందు కొట్టి తీసేశాను. వాయించినా వాయించకపోయినా వారానికోసారి పొడిగుడ్డతో తుడవండి. ఎండ తగిలే గోడకి వేలాడదీయకండి, స్టవ్ దగ్గర పెట్టకండి.

వెనక మూతకి మరలు వదులుగానే ఉంచాను. లోపల రాత కాస్త మసకబారింది, ఏళ్లయింది కదా. వెలుతుర్లోకి తెచ్చి చూడండి.

తమ్ముడు


డిపో, విశ్రాంతి గది
సోమవారం

బావమరిదికి,

గిటారు చేరింది. నిన్న ఆదివారం మీ అక్క మూత విప్పింది. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, కళ్లజోడు పెట్టుకుని పైకి చదివింది. "ఈ పిట్ట కూతకి మామయ్య పూచీ లేదు." చదివి నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ నా భుజం మీద పడి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. పిల్ల పోయాక మేమిద్దరం కలిసి ఏడవడం ఇదే మొదటిసారి.

నమ్మిందోయ్. పూర్తిగా నమ్మింది. రాతని బొటనవేలితో రుద్ది మసక చేశావు చూడు, నేనే ఒక్క క్షణం నిజమనుకున్నాను. మీ అక్కకి లోకం తెలియదు, ఎవరు ఏం చెప్పినా నమ్ముతుంది. అదే నాకు బాధగా ఉంది.

ఇకనుంచి ఆదివారాలు తుడిచే పని నాదన్నాను. పొడిగుడ్డ తీసుకుని రేకుల దాకా వచ్చేసరికి నా చెయ్యి పట్టుకుంది. "అక్కడ వద్దండీ, అక్కడ పిల్ల వేళ్ల గుర్తులున్నాయి" అంది. అవి అద్దంలా మెరుస్తున్నాయి. వాటిలో మా ఇద్దరి మొహాలూ కనిపిస్తున్నాయి. సరేనని గుడ్డ పక్కన పెట్టేశాను.

అక్కడ ఏ గుర్తూ లేదని నాకు తెలుసు, నీకు తెలుసు. మీ అక్కకి మాత్రం ఎప్పటికీ తెలియనివ్వకు.

మీ బావ